శునక విశ్వాసము – భక్త విశ్వాసము

తెలుగునాట పసివాడు ‘విశ్వాసము’ అను మాటను మొట్టమొదట వినునది గుడిలోను గాదు, చర్చిలోను గాదు; ఇంటి వాకిట వినును. కుక్కకున్న విశ్వాసము మనిషికి లేకపోయెనే యని పెద్దలు నిట్టూర్చునపుడు వినును. పిడికెడు మెతుకులు పెట్టిన చేయిని అది మరువదని అవ్వ చెప్పునపుడు వినును. ఆ పసివాడు క్రైస్తవ కుటుంబమున పుట్టినవాడైనచో, ఆదివారమునాడు అదే మాటను మరియొక చోట మరల వినును. అచ్చట విశ్వాసమనగా దేవుని నమ్ముట. విశ్వాసి యనగా నమ్మినవాడు. వాకిటి మాటకును మందిరపు మాటకును ఏమైన చుట్టరికము కలదా? లేక ఒకే పేరు పెట్టుకొన్న ఇరువురు పరాయివారా?

ఈ ప్రశ్నను విచారించుటకు మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడు ఊళ్ల దారి అనువైనది. తెలుగు బైబిలు భాషను దిద్దిన పెద్దలలో నొకరు మదనపల్లెలో కాపురముండిరి. పుంగనూరు పేరు చెప్పగానే పశువు గుర్తునకు వచ్చును. కుప్పము మూడు భాషలు కలియు కూడలి. పెంపుడు జంతువును గూర్చియు, భక్తిని గూర్చియు, ఈ రెండింటిని కలుపు మాటను గూర్చియు ఆలోచించువారికి ఈ దారిలో కొంత వెలుగు దొరకును.

ముందు మాటనే చూడవలెను. సంస్కృతమున ‘శ్వస్’ అను ధాతువునకు ఊపిరి పీల్చుట యని యర్థము. దానికి ‘వి’ యను ఉపసర్గ చేరగా, భయము విడిచి నిశ్చింతగా ఊపిరి తీయుట యను భావము కలిగినది. అందుండియే నమ్మకమను అర్థము స్థిరపడినది. ఎవని సన్నిధిని గుండెదడ లేక శ్వాస నెమ్మదిగా ఆడునో వానియందు విశ్వాసమున్నదన్నమాట. శ్వాసకును శ్వానమునకును చెవికి తోచు పోలికయే గాని వ్యుత్పత్తిలో బంధుత్వము లేదు. అయినను, పగలెల్ల తిరిగి వచ్చి యజమానుని కాళ్లకడ ముడుచుకొని నిదురించు కుక్కను చూచినవారికి ఈ ధాత్వర్థమునకు వేరొక ఉదాహరణ మక్కరలేదు.

పాతనిబంధన భాషయైన హీబ్రూలో ఈ భావమునకు వాడు మాట ‘ఎమునా’. ప్రార్థన చివర పలుకు ‘ఆమేన్’ దాని తోబుట్టువు. కదలక నిలుచుట ఈ కుటుంబపు మూలార్థము. అమాలేకీయులతో యుద్ధము జరుగునాడు మోషే చేతులు బరువెక్కగా, అహరోనును హూరును ఇరువైపుల నిలిచి వానిని ఎత్తిపట్టిరని నిర్గమకాండము చెప్పును. ప్రొద్దు గ్రుంకువరకు కదలక నిలిచిన ఆ చేతుల నిలుకడకు హీబ్రూ మూలము వాడినది ఈ మాటయే. క్రొత్తనిబంధన గ్రీకులోని ‘పిస్తిస్’ సైతము నమ్ముటను, నమ్మదగినవాడై యుండుటను ఒక్కటిగా చెప్పును. కావున తెలుగు మాట రెండర్థములను మోయుట భాషాలోపము గాదు. మూలభాషలలో కలిసియున్న రెండు భావములను మన భాషయు విడదీయలేదనుటయే సరి.

విడదీసినచో ఏమగునో యాకోబు పత్రిక చెప్పుచున్నది. దేవుడొక్కడే యని దయ్యములును నమ్మును. నమ్మి వణకునే గాని ఆయనను అనుసరింపవు. అది సిద్ధాంతజ్ఞానమే గాని విశ్వాసము గాదు. కుక్క స్థితి దీనికి సరిగా ఎదురు. దానికి సిద్ధాంతము లేదు, యజమానుని వంశము తెలియదు, ఆస్తి తెలియదు. తెలిసినది ఆయన గొంతు, ఆయన అడుగుల చప్పుడు. దయ్యమునకు తెలివియుండి నెయ్యము లేదు. కుక్కకు తెలివి కొంచెమై నెయ్యము నిండుగా నున్నది. క్రైస్తవ బోధకులు పెంపుడు జంతువును దృష్టాంతముగా తెచ్చుట ఈ రెండవ సగమును గుర్తు చేయుటకే.

ఇక మదనపల్లె. రవీంద్రనాథ ఠాకూరు 1919లో ఇచ్చటనే తన ‘జనగణమన’ గీతమును ఆంగ్లీకరించెనన్న విషయము లోకవిదితము. అంతకు అర్ధశతాబ్దికి ముందే ఈ ఊరు మరియొక అనువాద కృషికి నెలవయ్యెను. స్కడర్ సోదరులు 1853లో స్థాపించిన ఆర్కాటు మిషనుకు చెందిన వైద్యబోధకుడు జేకబ్ ఛాంబర్లేను 1863లో ఇచ్చట కార్యస్థానము నెలకొల్పెను. 1908లో ఇచ్చటనే కన్నుమూసెను. ఆయన మందులిచ్చెను, ఊరూర బోధించెను, తెలుగులో కీర్తనల సంపుటము కూర్చెను, తెలుగు బైబిలు సవరణ సంఘమునకు పెక్కేండ్లు అధ్యక్షత వహించెను. ఆ తరమువారు దిద్ది స్థిరపరచిన తెలుగు బైబిలునందు, వాకిటి విశ్వాసమును మందిరపు విశ్వాసమును ఒకే ఘట్టమున ఎదురుపడు చోటొకటి కలదు. అది మత్తయి సువార్త 15వ అధ్యాయములోని కనాను స్త్రీ కథ.

ఆమె యూదురాలు గాదు. బిడ్డ జబ్బుతో బాధపడుచుండగా యేసు వెంటబడి మొరపెట్టుకొనెను. ఆయన ముందు పలుకలేదు. శిష్యులు ఆమెను పంపివేయుమనిరి. తుదకు ఆయన, పిల్లలకు పెట్టవలసిన రొట్టెను కుక్కపిల్లలకు వేయరాదను భావము వచ్చునట్లు మాటాడెను. గ్రీకు మూలమున ఇచ్చట వీథికుక్కను చెప్పు మాట లేదు. ఇంట తిరుగు చిన్న కుక్కను చెప్పు ‘కునారియోన్’ అను మాట యున్నది. తెలుగువారు దానిని ‘కుక్కపిల్ల’ యనుట ఎంతయు ఉచితము. ఆ తల్లి ఆ మాటలోనే తనకు చోటు చూచుకొనెను. బల్లకడ పిల్లలు తినుచుండగా క్రిందపడు ముక్కలకు కుక్కపిల్లలు నోచుకొనవా యని అడిగెను. అంతట ఆయన ఆమె విశ్వాసమును గొప్పదని మెచ్చుకొనెను, బిడ్డ స్వస్థపడెను. మత్తయి సువార్తలో ఇట్టి మెప్పు పొందినవారు ఇరువురే: ఈమెయు, కపెర్నహూములోని రోమను శతాధిపతియు. ఇరువురును పరజాతివారే.

ఆమె గొప్పతనము ఎందున్నది? తిట్టు పడి ఊరకుండుటలో లేదు. బల్ల క్రింది కుక్కపిల్ల బయటిది గాదు, ఆ ఇంటిదేనని ఆమె గుర్తించినది. ముక్క చిన్నదైనను ఆ బల్లదేనని గట్టిగా పట్టుకొన్నది. తలుపు మూసినను గడప విడువని పెంపుడు కుక్క పట్టుదల ఆమె ప్రార్థనలో కనబడును. జర్మనీ దేశపు సంస్కర్త మార్టిన్ లూథరు ఇంట టోల్పెల్ అను కుక్క యుండెడిది. భోజనవేళ అది నోరు తెరచి, రెప్పవాల్చక, యజమానుని చేతిలోని మాంసపు ముక్కనే చూచుచుండగా, ఆ కుక్క చూచు నిష్ఠతో తాను ప్రార్థింపగలిగిన ఎంత బాగుండునని ఆయన అనెనని ఆయన భోజన సంభాషణల సంకలనము చెప్పుచున్నది. దాని తలపులలో ఆ క్షణమున మరియొకటి లేదు. ప్రార్థనకు కూర్చుండి పది పనులు తలచువారికి ఇంతకంటె సులభమైన పాఠము లేదు.

ఐనను బైబిలునందు కుక్కకు అంతటను ఇట్టి మర్యాద లేదని ఒప్పుకొనవలెను. ఆ కాలపు పాలస్తీనాలో కుక్కలు ఎక్కువగా ఊరి చెత్తను వెదకి తిరుగునవి. యెజెబెలు శవమును తిన్నవి అవియే. పౌలు తన ప్రత్యర్థులను కుక్కలనెను. ప్రకటన గ్రంథము వానిని పరిశుద్ధ పట్టణమునకు వెలుపల నుంచెను. మరియొక ప్రక్క, లూకా సువార్తలో ధనవంతుని వాకిట పుండ్లతో పడియున్న లాజరును పలుకరించిన మనిషి లేడు. దగ్గరకు వచ్చినవి కుక్కలే. వాగ్దాన దేశమును వేగు చూచి వచ్చి, పదిమంది భయపడగా నమ్మకముతో నిలిచిన ఇరువురిలో నొకడు కాలేబు. ఆ పేరును ‘కుక్క’ అను హీబ్రూ మాటతో కలిపి చూచు పండితులు కలరు. తెలుగు క్రైస్తవ గృహములలో ఆ పేరు నేటికిని ముద్దుగా పెట్టుకొనుచున్నారు.

మదనపల్లె నుండి పుంగనూరికి వచ్చినచో దృష్టాంతము కుక్క నుండి పశువునకు మారును. పుంగనూరు ఆవు మూడడుగులకు అటునిటు ఎత్తుండు పొట్టిజాతి. పాలు తక్కువే గాని వెన్నపాలు ఎక్కువ. సామాన్యపు ఆవుపాలలో నూటికి మూడు నాలుగు పాళ్లుండగా వీనిలో ఎనిమిది వరకు నుండునని పశుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఒకప్పుడు అంతరించిపోవునని భయపడిన ఈ జాతిని పలమనేరు పశు పరిశోధన కేంద్రము కాపాడుకొని వచ్చినది. ఇటీవల పట్టణపు ఇండ్లలో సైతము దీనిని ముద్దుగా పెంచుచున్నారు. సాయంకాలము మేత నుండి వచ్చి, పిలువకయే తన కట్టుకొయ్యకడ నిలుచు పశువును చూచిన రైతుకు యెషయా ప్రవక్త మొదటి అధ్యాయము విప్పి చెప్పనక్కరలేదు. పశువునకు తన యజమానుడు తెలియును, గాడిదకు తన దొడ్డి తెలియును, నా జనమునకు నేను తెలియకపోతినే యని దేవుడు వాపోవుట అచ్చటి భావము. ఆ వాక్యమున యజమానునకు తెలుగు అనువాదకులు వాడిన మాట ‘కామందు’. పొలము గట్టున, పశువుల కొట్టమున పుట్టిన మాట యది.

కాని ‘కామందు’ అనగానే ఈ సీమలో మరియొక జ్ఞాపకము లేచును. పుంగనూరు జమీందారీ దేశము. 1948 నాటి మద్రాసు ఎస్టేటుల రద్దు చట్టము వచ్చువరకు దొర, కామందు, జీతగాడు అను మెట్లు ఇచ్చటి బ్రతుకును పాలించినవి. ఆర్కాటు మిషను సంఘములలో చేరినవారు పెక్కుమంది ఊరి వెలుపల నుంచబడిన కుటుంబములవారు. ఆ దినములలో ఊరి కుక్క ఏ వీథినైనను నడువవచ్చును, ఏ అరుగు క్రిందనైనను పడుకొనవచ్చును. ఆ మనిషి నడువరాదు. అంటరానితనమును రద్దు చేసిన రాజ్యాంగము 17వ అధికరణము 1950లో గాని అమలునకు రాలేదు. ‘కుక్కవలె పడియుండుము’ అను మాట తరతరములు విన్న చెవులకు, కుక్కవలె విశ్వాసముగా నుండుమను బోధ ఎట్లు వినబడును? బోధకుడు ఈ ప్రశ్నను దాటిపోరాదు. దాటిపోయినచో దృష్టాంతము దేవునికి గాక దొరకు ఊడిగము చేయును.

సువార్తయే దీనికి సమాధానమిచ్చుచున్నది. యోహాను సువార్త 15వ అధ్యాయములో యేసు తన శిష్యులను ఇకమీదట దాసులని పిలువననియు, స్నేహితులని పిలుచుచున్నాననియు చెప్పెను. దాసునికి యజమానుని మనసు తెలియదు, స్నేహితునికి తెలియును. కనాను స్త్రీయు బల్ల క్రింద మౌనముగా పడియుండలేదు. ఎదురు మాటాడి, వాదించి గెలిచినది. ఆమెను కుక్కతనమునకు ఆదర్శముగా చూపువారు కథలో సగమే చదివినవారు. పెంపుడు జంతువునుండి భక్తుడు నేర్వవలసినది నిలుకడ. అణగిమణగి యుండుట గాదు. తోక యాడించుట విశ్వాసము గాదు, విడువకుండుట విశ్వాసము.

అంతేగాక, పెంపుడు జంతువు కథలో రెండు పక్షములున్నవి. జంతువు యజమానుని నమ్ముట యొకటి. యజమానుడు జంతువును ప్రేమించుట రెండవది. బైబిలులో పెంపుడు జంతువును గూర్చిన మిక్కిలి సుకుమారమైన కథ ఈ రెండవదానిని చెప్పును. దావీదు రాజు పరుని భార్యను అపహరించి ఆ పరుని చంపించినపుడు, నాతాను ప్రవక్త వచ్చి ఒక బీదవాని కథ చెప్పెను. వానికున్నది ఒక్క గొఱ్ఱెపిల్ల. అది వాని బిడ్డలతో పెరిగి, వాని ముద్ద తిని, వాని గిన్నెలో త్రాగి, వాని రొమ్మున పండుకొని కూతురివలె నుండెడిది. ధనవంతుడొకడు దానిని లాగికొని విందు చేసికొనెను. రాజు మండిపడగా, ఆ మనుష్యుడవు నీవేయని ప్రవక్త చెప్పెను. మంచి కాపరి గొఱ్ఱెలకొరకు ప్రాణము పెట్టునని క్రొత్తనిబంధన చెప్పినపుడు, ఆ బీదవాని ప్రేమయే ఇంకను లోతుగా వినిపించును. విశ్వాసము మొదట యజమానుని పక్షమున పుట్టినది. జంతువు విశ్వాసము దానికి మారుపలుకు.

తెలుగువారికి ఈ భావము క్రొత్త గాదు. తిక్కన తెనిగించిన మహాప్రస్థాన కథలో ధర్మరాజు వెంట తుదివరకు నడచినది కుక్క. తమ్ములు పడిరి, ద్రౌపది పడెను, కుక్క మాత్రము వెనుదీయలేదు. ఇంద్రుడు రథము తెచ్చి కుక్కను వదలి రమ్మనగా, నమ్మి వచ్చినదానిని విడుచుటకంటె స్వర్గమును విడుచుట మేలని ధర్మజుడు నిశ్చయించెను. కుక్క ధర్మరాజును విడువలేదు, ధర్మరాజు కుక్కను విడువలేదు. విశ్వాసము రెండువైపుల నడచినదనుటకు ఇంతకంటె స్పష్టమైన కథ లేదు.

భక్తికి గల ప్రమాదమును చెప్పు కథయు ఈ సీమ కందుబాటులోనే కలదు. సాలెపురుగు, పాము, ఏనుగు శివుని కొలిచిన స్థలము శ్రీకాళహస్తి. ధూర్జటి కవి ఆ కథను ప్రబంధముగా రచించెను. పాము లింగమునకు మణులు తెచ్చి అలంకరించును. ఏనుగు వానిని త్రోసి నీటితోను ఆకులతోను పూజించును. ఒకదాని పూజ మరియొకదానికి అపచారముగా తోచి, తుదకు పోరాడి రెండును ప్రాణములు విడుచును. ఇరువురిదియు నిజమైన భక్తియే; ఇరువురి స్వామియు ఒక్కడే. జంతుభక్తికి ఎల్ల ఇదియే. ఇంటి కుక్కయు తన యజమానుని ప్రేమించును గాని, ఆయన అతిథిని చూచి మొరగును. క్రైస్తవ బోధలో పొరుగువానిని ప్రేమింపక దేవుని ప్రేమించితిననుట చెల్లదు. పరాయివానిపై మొరగు విశ్వాసము కుక్కకు తగును, మనిషికి తగదు. ఈ చోట దృష్టాంతము ఆగిపోవలెను.

పుంగనూరు నుండి పలమనేరు మీదుగా కుప్పము చేరినచో భాషలు మారును. ఒక సంతలోనే తెలుగు, తమిళము, కన్నడము వినబడును. ద్రావిడ భాషల అధ్యయనమునకై ద్రావిడ విశ్వవిద్యాలయము 1997లో ఇచ్చటనే వెలసినది. తమిళ క్రైస్తవుడును దేవుని నమ్ముటను ‘విసువాసం’ అనును, తన కుక్క గుణమును అదే మాటతో మెచ్చుకొనును. కన్నడ బైబిలులో మాత్రము ‘నంబికె’ యున్నది. అది మన ‘నమ్మిక’కు అక్కచెల్లెలు. మాట ఏదైనను కుప్పపు పొలములలో దాని పని యొక్కటే. 1980ల నుండి పొరుగు రాష్ట్రముల అడవులనుండి ఏనుగులు ఈ ప్రాంతమునకు వచ్చుచున్నవి; కౌండిన్య అభయారణ్యపు అంచున రైతులు పంట కొరకు మంచెలమీద రాత్రులు గడుపుదురు. మనిషి కునుకు తీసినపుడు మంచె క్రింది కుక్క చెవి నిక్కించి యుండును. యజమానుడు ఎప్పుడు తిరిగి వచ్చునో తెలియదు గనుక మెలకువగా నుండుడని మార్కు సువార్త 13వ అధ్యాయము సేవకులకు చెప్పు హెచ్చరిక, ఆ మంచె క్రింద వినువారికి ఉపమానముగా తోచదు. ఆ రాత్రి పనిగానే తోచును.

మెలకువతో కూడినది ఎదురుచూపు. బెంగళూరు – జోలారుపేట రైలుమార్గమున కుప్పము స్టేషనులో బండి ఆగినపుడెల్ల ఎవరో ఒకరు ఎవరికొరకో ఎదురుచూచుచుందురు. జపాను దేశమున టోక్యో నగరములోని షిబుయా స్టేషనున ఎదురుచూచిన కుక్క కథను లోకమంతయు నెరుగును. దాని పేరు హచికో. వ్యవసాయ శాస్త్రాచార్యుడైన ఉయెనో ప్రతిదినము రైలు దిగువేళకు అది స్టేషనుకు వచ్చెడిది. 1925 మే నెలలో ఆయన విధి నిర్వహణలో నుండగనే మరణించెను. కుక్కకు ఆ సంగతి తెలియదు. 1935 మార్చి 8న తాను చనిపోవువరకు, దాదాపు పదేండ్లు, అది ఆ బండి వేళకు వచ్చుచునే యుండెను. అది బ్రతికియుండగనే, 1934లో, ఆ స్టేషను ముందు దాని విగ్రహము నిలిపిరి.

క్రైస్తవుని నిరీక్షణకును హచికో నిరీక్షణకును పోలిక యెంతయో భేదమును అంతే. హచికో యజమానుడు తిరిగి రాలేదు. క్రైస్తవుని యజమానుడు సమాధినుండి లేచెననియు, మరల వచ్చుననియు సంఘము నమ్మును. కుక్కకు ఆశకు ఆధారము లేదు. అలవాటును ప్రేమయు దానిని ప్రతిదినము స్టేషనుకు తెచ్చినవి. భక్తునికి వాగ్దానమున్నది. వాగ్దానము లేని ప్రాణి పదేండ్లు రాగలిగినపుడు, వాగ్దానమున్నవాడు పది దినములలో విసుగు చెందుట సిగ్గుపడవలసిన సంగతి. బోధకులు ఈ కథను చెప్పుటలోని తాత్పర్యమిదియే.

కాబట్టి వాకిటి విశ్వాసమును మందిరపు విశ్వాసమును పరాయివి గావు. అవి ఒకే ఇంటి పెద్దచిన్నలు. చిన్నదానికి గొంతు గుర్తుపట్టుట తెలియును, గడప విడువకుండుట తెలియును, రాత్రి మేలుకొనుట తెలియును. పెద్దది వీనిని నేర్చుకొని అంతటితో నిలువరాదు; యజమానుని మనసు తెలిసికొనవలెను, పరాయివానికి తలుపు తీయవలెను, అవసరమైనచో కనాను స్త్రీవలె ఎదురు ప్రశ్నయు వేయవలెను. కుక్కకు ముక్క దొరికిన చాలును. ఆ తల్లి ముక్క చాలునని అడిగినది గాని, ఆమెకు దొరికినది బిడ్డ ఆరోగ్యము.